ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో: దూరం ఒకటే, ప్రయాణ సమయం మాత్రం ఎక్కడా కలవడం లేదు. ఏది నమ్మాలి?

అనుపమ_కె
డిసెంబరులో అమ్మానాన్నలను ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు, అక్క దగ్గరకు పంపుతున్నాం. ఇద్దరూ అరవై అయిదు దాటినవాళ్లు, ఇంత దూరం ఎన్నడూ వెళ్లలేదు. విమానంలో ఎంతసేపు కూర్చోవాలో ముందే చెప్పి సిద్ధం చేద్దామని వెతుకుతుంటే లెక్క ఎక్కడా కుదరడం లేదు. దూరాలు చూపించే సైటులో 12,370 కి.మీ., 14 గంటలు అని ఉంది. టికెట్ల సైటులో మధ్యలో ఆగని విమానానికి కూడా 15 గంటల పైమాటే. పైగా వెళ్లేటప్పుడు శుక్రవారం తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కి అదే శుక్రవారం ఉదయం 6 గంటలకు దిగుతారట! వచ్చేటప్పుడు శుక్రవారం ఉదయం 10కి ఎక్కితే శనివారం సాయంత్రం 4కి దిగుతారట. "వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి ముప్పై గంటలా?" అని నాన్న అడుగుతున్నారు. పెద్దవాళ్ల ప్రయాణం కాబట్టి నాకు సరైన సంఖ్య కావాలి.

రాత్రి_డ్యూటీ
రెండు గంటలూ కాదు, ముప్పై గంటలూ కాదు. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే వేస్తారు. డిసెంబరులో మనం శాన్‌ఫ్రాన్సిస్కో కంటే 13 గంటల 30 నిమిషాలు ముందుంటాం. అక్కడ శుక్రవారం ఉదయం 6 అంటే మనకు శుక్రవారం రాత్రి 7:30. తెల్లవారుజామున 4 నుంచి అప్పటిదాకా 15 గంటల 30 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అక్కడి ఉదయం 10 అంటే మనకు రాత్రి 11:30. అప్పటినుంచి శనివారం సాయంత్రం 4 దాకా 16 గంటల 30 నిమిషాలు. నాన్నగారికి ఈ రెండు సంఖ్యలూ చెప్పండి చాలు.

అనుపమ_కె
సమయాల సంగతి అర్థమైంది, ధన్యవాదాలు. మరి వెళ్లడానికీ రావడానికీ గంట తేడా ఎందుకు? ఊళ్లు కదలవు కదా?

శంకర్_ఎమ్
12,370ని 900తో భాగించండి. 13 గంటల 45 నిమిషాలు. ఎక్కడానికి, దిగడానికి ఓ అరగంట వేసుకోండి. అంతకు మించి చూపించేదంతా విమాన సంస్థలు తమ ఆలస్యాలను కప్పిపుచ్చుకోవడానికి కలుపుకున్నదే. అనుకున్నదానికంటే ముందే దింపాం అని గొప్పగా ప్రకటించుకోవచ్చు కదా.

పటాల_పిచ్చి
శంకర్ గారూ, మీ భాగహారంలో తప్పు లేదు. కానీ ఆ 12,370 కి.మీ. దారిలో ఏ విమానమూ యథాతథంగా వెళ్లదు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ఇంట్లో గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని ఒక కొస ఢిల్లీ మీద, ఇంకో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగండి. గోడ మీద పటం చూసినవాళ్లు దారం పసిఫిక్ మీదుగా అడ్డంగా పోతుందనుకుంటారు. పోదు. ఢిల్లీ నుంచి దాదాపు నిటారుగా ఉత్తరానికి ఎక్కుతుంది. లద్దాఖ్, టిబెట్ పడమటి అంచు, షిన్‌జియాంగ్, సైబీరియా దాటి ఆర్కిటిక్ సముద్రంలో 75 డిగ్రీల అక్షాంశం పైకి వెళ్లి, అక్కడినుంచి అలాస్కా, కెనడా పక్కగా కిందికి దిగుతుంది. మీ సైటు చెప్పే దూరం ఈ దారం పొడవు. భూమిని గుండ్రని బంతిగా తీసుకున్నారా, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకున్న ఆకారంగా తీసుకున్నారా అన్నదాన్నిబట్టి సైటుకూ సైటుకూ పది ఇరవై కిలోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. దానికి కంగారు పడనక్కరలేదు.

ఇప్పుడు ఆ దారం కింద ఏముందో చూడండి. మొదటి గంటలోనే హిమాలయాలు, టిబెట్ పీఠభూమి. అక్కడ నేలే సగటున నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు. క్యాబిన్‌లో గాలి పీడనం పోతే విమానం వెంటనే మూడు కిలోమీటర్ల ఎత్తుకు దిగాలి. దిగడానికి కింద చోటేది? కొండలే ఉన్నాయి. అందుకే చాలా విమానాలు ఆ ప్రాంతాన్ని తప్పించుకుని చుట్టూ తిరిగి వెళతాయి. ఆ తర్వాత రష్యా. 2022 నుంచి అమెరికా, ఐరోపా సంఘం దేశాల సంస్థలకు ఆ గగనతలం మూసే ఉంది. కాబట్టి ఏ సంస్థ విమానం ఎక్కారన్నదాన్నిబట్టి కూడా దారి మారిపోతుంది.

కిటికీ_సీటు
రష్యా మూయడం వల్ల నిజంగా అంత తేడా వస్తుందా? ఆకాశంలో కాస్త పక్కకు జరిగితే సరిపోదా?

పటాల_పిచ్చి
హెల్సింకి – టోక్యో చూడండి. 2022కి ముందు తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. రష్యా మూసుకున్నాక 13 గంటలు. ఊళ్లు అక్కడే ఉన్నాయి, విమానమూ అదే. ఫిన్లాండ్ సంస్థ ఉత్తర ధ్రువం మీదుగా తిప్పి తీసుకెళ్లడం మొదలుపెట్టి, ప్రయాణికులకు ధ్రువం దాటినట్టు ధ్రువపత్రాలు కూడా ఇచ్చింది.

రాత్రి_డ్యూటీ
ధ్రువం దాటినందుకు ధ్రువపత్రం. పేరుకు తగ్గట్టే ఉంది.

కిటికీ_సీటు
మన దగ్గరా అంతే కదా. 2025 ఏప్రిల్ 24న పాకిస్థాన్ తన గగనతలాన్ని భారత సంస్థలకు మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లే మన విమానాలు దక్షిణాన అరేబియా సముద్రం వైపుగా చుట్టి వెళ్లాల్సి వచ్చింది. 2019లో కూడా ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య దాకా ఇదే పరిస్థితి. ఇలాంటివి ఏ దూరాల సైటూ లెక్కలోకి తీసుకోదు.

గణితం_మాస్టారు
అనుపమ గారు అడిగిన గంట తేడాకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ జవాబు గాలి.

విమానం వేగం గంటకు 900 కి.మీ. అంటే, చుట్టూ ఉన్న గాలితో పోల్చినప్పుడు ఉండే వేగం. 11 కి.మీ. ఎత్తున ఉష్ణోగ్రత మైనస్ 56 డిగ్రీలు, ఆ చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కి.మీ. పెద్ద విమానాలు అందులో 85 శాతం వేగంతో వెళతాయి. ఆ గాలి మాత్రం ఊరికే నిలబడి ఉండదు. మధ్య అక్షాంశాల్లో అంత ఎత్తున పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే ప్రవాహం ఉంటుంది. చలికాలంలో దాని జోరు ఎక్కువ, గంటకు 200 కి.మీ. దాటడం మామూలే. 1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఒయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచారు. ఫలితాలను ఎస్పెరాంటో అనే కృత్రిమ భాషలో ప్రచురించడంతో చాలాకాలం బయటి ప్రపంచం పట్టించుకోలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పు దారిన వెళితే ఈ గాలి వెంట వస్తుంది, అదే దారిన తిరిగి వచ్చేటప్పుడు ఎదురవుతుంది. ఇప్పుడు సులువైన లెక్క. దూరం 12,000 కి.మీ., గాలి వేగం 100 అనుకుందాం. గాలి వెంట వస్తే నేల మీద వేగం 1,000, ప్రయాణం 12 గంటలు. ఎదురైతే వేగం 800, ప్రయాణం 15 గంటలు. గాలే లేకపోతే 13 గంటల 20 నిమిషాలు. పోనూ రానూ చెల్లుకు చెల్లు అవుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. గాలి ఉన్నప్పుడు రెండు వైపులా కలిపి 27 గంటలు, లేనప్పుడు 26 గంటల 40 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి పోగొట్టుకున్నది పూర్తిగా తిరిగి రాదు. నా విద్యార్థులకు సగటు వేగం పాఠం చెప్పేటప్పుడు ఈ లెక్కే ఇస్తాను.

విజయ్_త
గాలి కంటే భూమి తిరగడం పెద్ద కారణం కాదా మాస్టారూ? భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. పడమటికి ఎగిరితే ఊరే మనకు ఎదురొస్తుంది కాబట్టి త్వరగా చేరాలి. అలా జరగడం లేదేం?

గణితం_మాస్టారు
భూమితోపాటు గాలీ తిరుగుతుంది, గాలిలో ఉన్న విమానమూ తిరుగుతుంది. పరుగెత్తే రైలు పెట్టెలో ఎగిరే ఈగను చూడండి. ముందు సీటు దాకా వెళ్లడానికి, వెనక సీటు దాకా రావడానికి దానికి పట్టే సమయం ఒకటే. అయితే జెట్ స్ట్రీమ్ తూర్పుకు వీయడానికి భూభ్రమణం ఒక కారణం. భూమధ్యరేఖ దగ్గర వేడెక్కి ధ్రువాల వైపు కదిలే గాలిని అది తూర్పుకు మళ్లిస్తుంది. ఆ విధంగా మీ మాటలో కొంత నిజం ఉంది, కానీ ఫలితం మీరు అనుకున్నదానికి తిరగబడింది. తూర్పుకు వెళ్లేవాళ్లకే లాభం.

నీలాకాశం
2020 ఫిబ్రవరిలో సియారా తుపాను వేళ న్యూయార్క్ నుంచి లండన్‌కు ఒక 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద లెక్కలో దాని వేగం గంటకు 1,300 కి.మీ. దాటింది. మామూలుగా ఆరు గంటలకు పైగా పట్టే ప్రయాణం అది.

విజయ్_త
1,300 అంటే ధ్వని వేగాన్ని దాటినట్టేనా?

నీలాకాశం
కాదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే మామూలు వేగమే. ధ్వనిని నిజంగా దాటి ప్రయాణికులను మోసింది కాంకార్డ్. 1996 ఫిబ్రవరి 7న అదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో పూర్తిచేసింది. 2003లో దాన్ని ఆపేశారు. 1970లో సేవలు మొదలుపెట్టిన 747, ఇవాళ్టి 787 దాదాపు ఒకే వేగంతో ఎగురుతాయి. యాభై ఏళ్లకు పైగా మన ప్రయాణ వేగం అక్కడే ఆగిపోయిందన్న ఆలోచన నన్ను బాధపెడుతుంది.

పటాల_పిచ్చి
మన అంశానికి అన్నిటికంటే దగ్గరి ఉదాహరణ ఇంకెవరూ చెప్పలేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా ఇదే ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 15,300 కి.మీ., అంటే పాత దారి కంటే సుమారు 1,400 కి.మీ. ఎక్కువ. అయినా 14 గంటల 30 నిమిషాల్లో చేరిపోయింది, ఎందుకంటే దారి పొడవునా గాలి వెంట వచ్చింది. శంకర్ గారూ, ఎక్కువ దూరం తక్కువ సమయంలో! మీ భాగహారం ఇక్కడ ఏం చెబుతుంది?

శంకర్_ఎమ్
15,300ని 14.5తో భాగిస్తే గంటకు 1,055 వస్తుందని చెబుతుంది. గాలి సంగతి ఒప్పుకుంటాను, మాస్టారి లెక్క బాగుంది. కానీ టికెట్ మీద వేసే సమయంలో అదనంగా కలపడం లేదంటే మాత్రం ఒప్పుకోను. నేను ఎక్కిన విమానాలు అరగంట ముందు దిగిన సందర్భాలు బోలెడు. ఎగిరేది ఒక సమయం, అచ్చు వేసేది ఇంకో సమయం.

డిస్పాచ్_డెస్క్
నా ఉద్యోగమే విమానాలకు దారి వేయడం. ఈ చర్చలో చాలావరకు సరిగ్గానే చెప్పారు, రెండు మూడు విషయాలు కలుపుతాను.

టికెట్ మీద ఉండే సమయాన్ని మేం బ్లాక్ టైమ్ అంటాం. విమానం తన స్థానం నుంచి వెనక్కి కదిలిన క్షణంలో మొదలై, గమ్యంలో ఆగి చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టినప్పుడు ముగుస్తుంది. గాల్లో ఉన్న సమయం అందులో ఒక భాగం మాత్రమే. పెద్ద విమానాశ్రయాల్లో రన్‌వే దాకా పాకుతూ వెళ్లడానికే ఇరవై నిమిషాలు, రద్దీ వేళ అంతకు మించి పడుతుంది. దిగేటప్పుడు వరుసలో గాల్లో చక్కర్లు కొట్టాల్సి రావచ్చు. పొగమంచు రోజుల్లో ఢిల్లీ సంగతి చెప్పనక్కరలేదు. కాబట్టి శంకర్ గారు చెప్పినట్టు కొంత అదనం ఉంటుంది, నిజమే. అయితే అది గాల్లోంచి ఊడిపడదు. ఆ దారిలో అదే కాలంలో గతంలో విమానాలకు పట్టిన సమయాలు చూసి, ఎక్కువ రోజులు సరిపోయేలా ఒక సంఖ్య పెడతారు. గాలి కలిసొచ్చిన రోజు మీరు అరగంట ముందు దిగుతారు. గాలి ఎదురైన రోజు ఆ అరగంటే మీ తర్వాతి విమానాన్ని కాపాడుతుంది. చలికాలపు పట్టికకూ వేసవి పట్టికకూ సమయాలు మారేది అందుకే.

బయలుదేరడానికి కొన్ని గంటల ముందు మా తెర మీద ఒకే ప్రయాణానికి నాలుగైదు దారులు కనిపిస్తాయి. ఒక్కోదానికి దూరం, గాలి, ఇంధనం, దాటే దేశాలకు కట్టాల్సిన రుసుము వేరు. దూరం తక్కువ ఉన్నది గెలవాలని ఏమీ లేదు, నిజానికి చాలాసార్లు గెలవదు. రెండు ఇంజిన్ల విమానమైతే దారిలో ఎక్కడ ఒక ఇంజిన్ ఆగినా నిర్ణీత సమయంలోగా దిగడానికి ఒక విమానాశ్రయం అందుబాటులో ఉండాలి. అది కాగితం మీద నియమం కాదు. 2023 జూన్‌లో సరిగ్గా ఈ ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో విమానమే ఇంజిన్ సమస్యతో రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగింది, అందరూ క్షేమంగా బయటపడ్డారు. ధ్రువానికి దగ్గరగా వెళ్లే రోజున ఇంధనం ఎంత చల్లబడుతుందో కూడా చూడాలి. జెట్ ఎ-1 రకం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. ఇక ఎదురుగాలి మరీ బలంగా ఉంటే అదనపు ఇంధనం నింపాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి ఇంకొంత ఇంధనం కావాలి, ఆ బరువుకు సరిపడా సరుకు దింపేయాలి. ఇదంతా చూసుకున్నాకే దారి ఖరారవుతుంది.

అందువల్ల నిన్నటి విమానం, ఇవాళ్టి విమానం ఒకే దారిన వెళ్లాలని లేదు. ఎన్ని కిలోమీటర్లని అడిగితే మేం కూడా ఆ రోజు ప్లాన్ చూసే చెబుతాం.

కిటికీ_సీటు
అందుకేనా సీటు ముందు పటంలో దారి ప్రతిసారీ వేరేగా కనిపిస్తుంది! ఒకసారి మంచు తప్ప ఏమీ కనిపించలేదు, ఇంకోసారి గంటల తరబడి సముద్రమే.

అనుపమ_కె
డిస్పాచ్_డెస్క్ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అయితే అమ్మానాన్నలకు 15:30, 16:30 అనే చెబుతాను. ఇంకో ప్రశ్న. ఒకేసారి అంతసేపు కూర్చోబెట్టడం మంచిదా, మధ్యలో ఒకచోట దిగి మారే విమానం మంచిదా? దుబాయి, ఫ్రాంక్‌ఫర్ట్, టోక్యో అని చూపిస్తోంది. దూరం ఎంత పెరుగుతుంది?

పటాల_పిచ్చి
దుబాయి మీదుగా అయితే 2,200, ఆపైన 13,000, మొత్తం 15,200 కి.మీ. చిల్లర. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 6,100, 9,100, ఇంచుమించు అంతే. టోక్యో మీదుగా 14,000 కాస్త పైన. దుబాయి ఎంచుకుంటే రెండో విమానమే తిన్నగా వెళ్లే దారి కంటే పొడవు, గమనించండి. పెద్దవాళ్లకు దాంతో ఒరిగేదేమీ లేదు.

సుభద్ర_పి
మా అత్తగారిని పంపినప్పుడు మధ్యలో మారే విమానమే తీసుకున్నాం. కాళ్లు చాపుకున్నారు, నడిచారు, తేలికగా ఉందన్నారు. పదహారు గంటలు ఒకే కుర్చీలో అంటే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు నరకం.

రాత్రి_డ్యూటీ
సుభద్ర గారూ, నేను ఒప్పుకోలేను. భాష రాని చోట, నడిరాత్రి, ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కు పరుగెత్తాలంటే పెద్దవాళ్లకు కాళ్ల నొప్పికంటే కంగారు ఎక్కువ. మా నాన్నగారికి మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోయింది, రాత్రంతా కుర్చీలోనే. ఆ తర్వాత ఆగకుండా వెళ్లేది తప్ప ఇంకేదీ తీయలేదు. కిలోమీటర్లు, గాలి వేగం అన్నీ పక్కన పెట్టండి, మొత్తం ప్రయాణాన్ని సాగదీసేది ఈ ఎదురుచూపే.

సుభద్ర_పి
రెండు విమానాల మధ్య మూడు గంటలకు తగ్గకుండా చూసుకుని, ఒకే టికెట్ మీద రెండూ తీసి, చక్రాల కుర్చీ ముందే అడిగితే ఆ ఇబ్బంది ఉండదు. వేర్వేరు టికెట్లు తీసేవాళ్లకే కష్టాలు. ఒకే టికెట్ అయితే రెండోది తప్పినా తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే.

డిస్పాచ్_డెస్క్
అమెరికాలోని ఇంకో ఊళ్లో మారే టికెట్ మాత్రం తీయకండి. అక్కడ మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది. పెట్టెలు తీసుకుని, మళ్లీ అప్పగించి, రెండో విమానం పట్టుకోవాలి. మూడు గంటలు ఇట్టే కరిగిపోతాయి. అబుదాబిలో మారితే ఆ తనిఖీ అక్కడే పూర్తవుతుంది, 2014 నుంచి ఆ ఏర్పాటు ఉంది.

నర్సు_లలిత
ఏది ఎంచుకున్నా ఒక మాట. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనం 2007లోనే చెప్పింది. మొత్తం మీద ప్రమాదం తక్కువే, భయపెట్టడం లేదు. నడవా పక్క సీటు తీసుకోండి. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి లేచి నడవాలి, కూర్చున్నచోట మడమలు ఎత్తి దించాలి. నీళ్లు తాగాలి. లేవాల్సి వస్తుందని పెద్దవాళ్లు నీళ్లు మానేస్తారు, అది అస్సలు కూడదు. గతంలో గడ్డలు కట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరును అడిగాకే టికెట్ తీయాలి. బీపీ, షుగరు మందులు చేతిసంచిలో ఉండాలి. ఇన్సులిన్ వాడితే సమయం మారినప్పుడు ఎప్పుడు, ఎంత వేసుకోవాలో ముందే డాక్టరు చేత రాయించుకోండి.

నీలాకాశం
విమానం రకం కూడా చూసుకోండి. 787, ఎ350లలో క్యాబిన్ పీడనం 1,800 మీటర్ల ఎత్తున ఉన్నట్టు ఉంటుంది. పాత రకాల్లో 2,400 మీటర్ల దాకా ఉండవచ్చు. పదిహేను గంటల ప్రయాణంలో ఆ తేడా తలనొప్పి, అలసట రూపంలో తెలుస్తుంది.

విజయ్_త
ప్రపంచంలో దీనికంటే పొడవైన విమాన ప్రయాణం ఉందా?

పటాల_పిచ్చి
ఉంది. సింగపూర్ – న్యూయార్క్ 15,349 కి.మీ., పద్దెనిమిది గంటల పైన. 1989లో ఒక 747ను మామూలు ప్రయాణికులు లేకుండా లండన్ నుంచి సిడ్నీకి ఎక్కడా ఆపకుండా 20 గంటల 9 నిమిషాల్లో తీసుకెళ్లారు. భూమి చుట్టుకొలత 40,000 కి.మీ. కాబట్టి ఏ రెండు ఊళ్ల మధ్యా తిన్నని దూరం 20,000 దాటదు. భూమి మీద అంతకు మించిన దూరమే లేదు.

శంకర్_ఎమ్
అనుపమ గారూ, నా సలహా ఒక్కటే. ఆగకుండా వెళ్లేదే తీయండి. రాత్రి_డ్యూటీ గారు చెప్పిన ఎదురుచూపు లెక్కతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను.

అనుపమ_కె
ఆగకుండా వెళ్లేదే తీస్తున్నాం, నడవా పక్క సీట్లు, చక్రాల కుర్చీలు అడిగాం. తిరుగు ప్రయాణం మార్చి చివరి వారంలో. రాత్రి_డ్యూటీ గారూ, అప్పుడు కూడా 13:30 తేడాయే వేసుకోవాలా?

రాత్రి_డ్యూటీ
లేదు, 12:30. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలను గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. మార్చి చివర్లో అక్కడ ఉదయం 10కి ఎక్కితే మనకు రాత్రి 10:30. అదే 16 గంటల 30 నిమిషాలు పడితే ఢిల్లీలో మర్నాడు మధ్యాహ్నం 3కి దిగుతారు. పట్టిక మారే కాలం కాబట్టి బయలుదేరే వారం ముందు సమయం మరోసారి చూసుకుని, విమానాశ్రయానికి వెళ్లేవాళ్లకు ఢిల్లీ సమయమే రాసి ఇవ్వండి.